తలల లెక్క

ఫిబ్రవరి. టార్టు ఊరు. మైనస్ పద్దెనిమిది.
పదకొండూ పదికి సైరన్ మోగింది.
నా పేరు ఉర్మస్, ఈ ఐదంతస్తుల తాళాలు నావి.
నిప్పంటుకుంటే ఎవరేం చదివారో నాకెందుకు,
ఎన్ని తలలు బయటపడ్డాయో చెప్పాలి.
పొద్దున పుస్తకంలో సంతకాలు నలభై మూడు.

ఒక్కొక్కరే మంచులోకి దిగారు.
కోటు మరిచినవాళ్ళే ఎక్కువ.
చేతిలోది మాత్రం ఎవరూ మరవలేదు.

హెల్బె డబ్బాని గుండెకి అదుముకుంది.
లోపల రాతిముక్క, రాతి మీద బూడిదరంగు లైకెన్.
ఏడాదికి అర మిల్లీమీటరు పెరుగుతుందట,
తొమ్మిదేళ్ళుగా కొలుస్తోంది.
దాని ముందు నా జీతమే నయం.

టొనిస్ చేతిలో గాజుసీసా,
సీసాలో మాగిన పండు మీద వాలే చిట్టి ఈగలు.
వాటికి నిద్ర పట్టకుండా చేసింది వీడే.
ఇప్పుడు చలికి అన్నీ నిద్రపోతున్నాయని
లబోదిబోమంటున్నాడు.

లెంబిట్ చేతులూపుకుంటూ వచ్చాడు.
ఏమీ తెచ్చుకోలేదా అంటే నుదురు తట్టి చూపించి
ఎండుపుల్ల విరిచి మంచులో ఏదో రాయడం మొదలుపెట్టాడు.
ఎవరో చూసుకోక దాన్ని తొక్కేశారు.
"పర్లేదు, తప్పు అక్కడే ఉంది" అన్నాడు.

నిప్పు నిజంగా ఉందని మనకెలా తెలుసు,
అంది తత్వశాస్త్రం.
పళ్ళు టకటకలాడుతుంటే ఎవరు జవాబిస్తారు?

అయ్‌వె శాలువాలో చుట్టి తెచ్చింది, పసిపాపని తెచ్చినట్టు,
మూడొందల ఏళ్ళనాటి చర్చి జననాల పుస్తకం.
తండ్రి పేరు లేని పిల్లల్ని వెతుకుతోందామె.
తడిసిందేమోనని తెరిచింది.
అంచున పాస్టర్ రాసుకున్న ముక్క:
"ఈ పూట సిరా గడ్డకట్టింది. బిడ్డ పేరు రేపు."
నది మీది మంచుని కొలిచే రైవో
భుజం మీదుగా తొంగిచూసి, "ఏ తేదీ? ఏ తేదీ?" అని
అరచేతిలో రాసుకున్నాడు.
బిడ్డ పేరు అడగలేదు.
అడిగినా ఆమె దగ్గర లేదు.
మర్నాటి పేజీలో ఒక పెళ్ళి, రెండు చావులు, అంతే.

లెక్కపెట్టాను. నలభై రెండు.
మళ్ళీ పెట్టాను. నలభై రెండే.

నేలమాళిగ. టేపుల గది.
మాలె చెవులకి హెడ్‌ఫోన్లు, కళ్ళు మూసుకుని ఉంది.
భుజం తట్టాను.
కళ్ళు తెరవకుండానే వేలు పైకెత్తింది, ఆగమని.
ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో
నిప్పుని ఆగమన్న మనిషిని చూడలేదు నేను.
తిట్టబోయేలోగా
ఒక చెవిది తీసి నా చెవికి ఆనించింది.

ముసలమ్మ గొంతు.
మా భాషకి దూరపు చుట్టం లాంటి భాష,
గోడ అవతల మాటల్లా సగం అందుతోంది.
గొర్రెల్ని దొడ్లోకి తోలుతూ లెక్కపెడుతోంది.
ఆరు, ఏడు, ఎనిమిది.
ఆగింది.
మళ్ళీ మొదటినుంచి.
"ఒకటి తక్కువైంది ఆవిడకి," అంది మాలె.
"కాసేపటికి టేపు అయిపోతుంది.
దొరికిందో లేదో తెలీదు.
అడుగుదామంటే ఆ భాషలో ఇంకెవరూ లేరు."

ఇద్దరం మెట్లెక్కి వచ్చాం.
నలభై మూడు, అని గట్టిగా అరిచాను,
అవసరమైనదానికంటే గట్టిగా.

నిప్పు కాదు. రెండో అంతస్తు వంటగదిలో రొట్టె మాడింది.
ఆర్థికశాస్త్రం వాళ్ళ పనే,
ఒప్పుకోరు, ఆధారాలు చూపించమంటారు.
ఈగలు ఒక్కొక్కటే లేచాయి.
అందరూ ఎవరి గదికి వాళ్ళు వెళ్ళిపోయారు,
తలుపులు మూసుకున్న చప్పుడు ఐదంతస్తుల్లోనూ.

రాత్రి తాళాలు వేస్తూ దిగుతున్నాను.
మెట్టు మెట్టుకీ ఒక అంకె,
ఆ ముసలమ్మ పలికినట్టే.
ఎనిమిది దాకానే వచ్చు నాకు.
తొమ్మిదో మెట్టు మీద
మళ్ళీ ఒకటి.